తేలికపాటి స్ట్రైకర్

కాలేజీ క్యారమ్స్ పోటీలో రెండేళ్లూ మొదటి ఆటలోనే ఓడిపోయాను. తప్పంతా నా బరువైన స్ట్రైకర్‌దే అనుకున్నాను. హనుమకొండ దుకాణంలో మూడు కొత్తవి అడిగి తెచ్చి, పక్కింటి కంసాలి తాత చేత బంగారం తూచే త్రాసులో తూయించాను.

"గిది అన్నిట్ల అల్కగుంది బిడ్డా," అన్నాడాయన. అది ఉంచుకుని మిగతావి తిరిగిచ్చేశాను.

మూడో ఏడు నా ఎదుట కూర్చున్న జూనియర్ పిల్ల తన స్ట్రైకర్ ఇంట్లో మరిచి వచ్చింది.

"అక్కా, ఇంకోటుంటె జర ఇస్తవా?"

నా పాతదాన్ని విసురుగా ఆమె ముందు పడేశాను. దానితోనే నన్ను ఓడించి, ఓణీ కొంగుతో తుడిచి తిరిగిచ్చింది.

"మస్తుగుందక్కా, పారెయ్యకు."

ఇక ఓడిపోవడానికి నాకు సాకు కూడా మిగల్లేదు.