మామయ్య కూర్చునే రాయి

మా మామయ్య ముప్పై రెండేళ్లు కొండ మీది పాత మందిరానికి యాత్రికుల పెట్టెలు మోశాడు. మెట్లు ఎనిమిది వందల పన్నెండు. కింద చెప్పులు భద్రపరిచే కొట్టు నాదే కాబట్టి, ఎవరు ఎలా ఎక్కారో ఎలా దిగారో నాకు తెలిసినంతగా పైనున్న దేవుడికి కూడా తెలియదు.

ఐదు వందలవ మెట్టు దగ్గర దారి మలుపు తిరుగుతుంది. ఒక పక్క లోయ, ఎదురుగా వరుసగా కొండలు, ఇంకో పక్క పీటంత చదునైన రాయి. బరువు దించి కూర్చోవడానికి దారి మొత్తంలో ఇంకెక్కడా జాగా లేదు. మామయ్య అక్కడ చతికిలబడి, కళ్లు మూసుకుని, పెదాలు కదిపేవాడు. పెట్టె తాలూకు మనిషిని ఏడు తరాల దాకా తిడుతున్నాడని మాకు తెలుసు. యాత్రికులకు ఎలా తెలుస్తుంది? "ఇక్కడేం మొక్కాలి?" అని అడిగితే, ఆయాసంతో మాట రాక, ఆగమని చెయ్యి ఎత్తేవాడు. అది దీవెన అనుకుని వాళ్లు దండం పెట్టేవారు.

ఒక ఏడాది రాయి మీద పూలు వచ్చాయి. మరుసటి ఏడాది ఇనుప కంచె వచ్చింది. ఆ పైన బోర్డు: పవిత్ర శిల, కూర్చోరాదు.

మామయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. అక్కడ కాసేపు కూర్చోకపోతే ఆయన మోకాళ్లు మొరాయిస్తాయి. గంటలో పైకి చేరని కూలీ దగ్గర్నుంచి మందిరం వాళ్లిచ్చిన కూలీ బిళ్ల తీసేసుకుంటారు, బిళ్ల పోతే పని పోయినట్టే. అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. పరుగున మందిరం మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, అది నేను కూర్చునే రాయండీ."

"ముప్పై రెండేళ్లు దాని మీద కూర్చున్నావా?" మేనేజరు గొంతు తగ్గించాడు. "ఈ మాట బయట అనకు. జనం బాధపడతారు."

అత్తయ్య ఊరుకోలేదు. "నిజం చెప్పెయ్యి. ఎన్నాళ్లని నోరు కుట్టుకుంటావు?"

మర్నాడు ఏం జరిగిందో చెప్పుల కోసం వచ్చినవాళ్లంతా ఎవరికి తోచినట్టు వాళ్లు నాకు చెప్పారు. కలిపి చూస్తే ఇదీ సంగతి. మామయ్య ఒక పెద్దావిడ పెట్టె మోసుకెళ్లి, కంచె దగ్గర ఆగి, తాను ఏనాడూ మొక్కలేదని, తిట్టానని అందరూ వినేలా చెప్పేశాడు.

"ఏమని తిట్టావు?" అంది పెద్దావిడ.

"పెట్టెలో ఇల్లు సర్దుకొచ్చారా అని. ఈ కొండ ఎక్కమని మీకెవడు చెప్పాడని."

"రెండోది నేనూ మొదటి మెట్టు నుంచీ అనుకుంటున్నాను నాయనా," అని ఆవిడ కంచె కిందుగా దూరి రాయి మీద కూర్చుంది. "అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది."

ఆ ఒక్క మాట చాలింది. వెనకున్న వాళ్లంతా వరుస కట్టారు.

వారంలో కంచె పోయి బోర్డు మారింది: కూర్చుని కష్టం చెప్పుకోండి, ఒక్కొక్కరికి ఒక్క నిమిషం. మామయ్యకు రాయి తిరిగి దక్కింది, నలభై మంది తర్వాత. తనను ముందు వదలమని బతిమాలితే, దేవుడి ముందు అందరూ సమానమే అన్నాడు మేనేజరు. నెత్తిన పెట్టెతో నలభై నిమిషాలు నిలబడిన రోజున మామయ్య తన బిళ్ల తీసి ఆఫీసు బల్ల మీద పెట్టేసి వచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు కనబడకూడదని ఎవరివో చెప్పులు తుడుస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఖాళీ చేతులతో ఎక్కి, వరుసలో నిలబడి, నిమిషం కూర్చుని దిగి వచ్చాడు. అత్తయ్య వాకిలి కడుగుతోంది.

"ఎలా ఉంది?"

"ఏముందే. అలసట లేకపోతే అది ఉత్త రాయి."

అత్తయ్య బకెట్టూ చీపురూ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. "అలసటే కావాలంటే ఇంట్లో ముప్పై రెండేళ్లది ఉంది, పట్టు," అని, ఆయన కూర్చోబోయిన గడప మీద తాను చతికిలబడింది.