నన్ను అడగడం మరిచిపోయిన పెళ్ళి

నా పెళ్ళి చేయించింది ముగ్గురు పాస్టర్లు. నాలుగో ఆయనకు భోజనాల ప్రార్థన ఇచ్చారు. నాకు కావలసింది ఆ నాలుగో ఆయనే.

ఆయన మా ఊరి చర్చి అయ్యగారు. మంచివాడని పేరేమీ లేదు. ముక్కుపొడి పీలుస్తాడు, చందా ఇవ్వనివాళ్ళను పేరు పెట్టి తిడతాడు, ప్రసంగం మొదలుపెడితే వెనక బెంచీల పిల్లలు ఒక నిద్ర తీసి లేవాల్సిందే. కానీ పెళ్ళిళ్ళలో ఆయనకో అలవాటుంది. "ఈ పురుషుని నీ భర్తగా అంగీకరించుచున్నావా?" అని పెళ్ళికూతుర్ని అడిగాక పుస్తకం మూసేసి నిలబడేవాడు. ఆ పిల్ల తల వంచుకుని కింద నాపరాళ్ళకు ఏదో చెప్పుకునేది.

"వినబళ్ళేదు తల్లీ. చివరి బెంచీ మీద మీ మేనత్త కూర్చోనుంది. ఆమెకు వినబడాల."

అందరూ నవ్వేవారు. ఆ పిల్ల గట్టిగా చెప్పేదాకా ఆయన కదిలేవాడు కాదు. ఆడపిల్లను ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నా పెళ్ళిచూపుల్లో, నన్ను చూడవచ్చిన సాగర్ కాలువల ఆఫీసు గుమాస్తాను "అమ్మాయి నచ్చిందా అబ్బాయ్" అని ఇంటిల్లిపాదీ అడిగారు. నన్ను వంట వచ్చా అని అడిగారు, ఒక కీర్తన పాడమన్నారు. పాడాను. ఖాయమైపోయింది. అబ్బాయి నచ్చాడా అన్నవాడు లేడు. పోనీలే, చర్చిలో ఎలాగూ అడుగుతారు గదా, అక్కడ గట్టిగా చెబుతాను అనుకున్నాను. అవి ఎనభైల నాటి రోజులు. ఆడపిల్లల ఇష్టాయిష్టాల గురించి రేడియో ఆ ఏడాదంతా చాలా చెప్పింది కానీ మా ఇంట్లో ఎవరూ విన్నట్టు లేదు.

"నాన్నా, పెళ్ళి మన అయ్యగారే చేయాల" అన్నాను.

"సరేలేమ్మా" అన్నాడు. మా నాన్న సరే అన్నాడంటే, కాదనే మనిషి ఇంకా రాలేదని అర్థం.

వచ్చాడు. విజయపురి సౌత్‌లో పాస్టరుగా ఉన్న మా పెదనాన్న. "నా తమ్ముడి కూతురికి వేరేవాడు తాళి ఆశీర్వదిస్తే రేపు నా సంఘంలో నేనెట్టా తలెత్తుకోవాల?" అన్నాడు. ఆయన అలక తీరకముందే మాచర్ల నుంచి మగపెళ్ళివారి కబురు. వాళ్ళ అయ్యగారు బెంగుళూరులో చదువుకున్నాడట, ఆయన లేకుండా వాళ్ళు పెళ్ళికి కదలరట. ఇక చివరికి మా చుట్టుపక్కల చర్చిలన్నిటి మీదా పెద్ద. జీపులో తిరిగే ఆ పెద్దయ్యగారి చేతిలో పాస్టర్ల బదిలీలుంటాయి. ఆయన్ను పిలవకపోతే మిగతా ముగ్గురూ పెళ్ళికి రారు.

అందరికీ తాళే కావాలి. దేవుని మహిమ కోసమే అన్నారు నలుగురూ. ఫొటోగ్రాఫరు తాళి దగ్గరే లైటు వెలిగిస్తాడన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. మా నాన్న వేటమాంసం పోగులేసినట్టు పెళ్ళిని పోగులేశాడు. తాళి పెద్దయ్యగారికి, ప్రసంగం పెదనాన్నకు, మొదటి ప్రార్థన మాచర్ల ఆయనకు. బదిలీ చేయించలేనివాడు, చుట్టం కానివాడు, మగపెళ్ళివారి మనిషీ కానివాడు మా అయ్యగారొక్కడే కాబట్టి ఆయనకు భోజనాలు.

"మరి ప్రమాణాలు ఎవరు చేయిస్తారు నాన్నా?"

"అదెంతసేపమ్మా. ఎవరో ఒకరు చేయిస్తార్లే."

అమ్మ నా నెత్తిన మొట్టింది. "పెళ్ళికూతురివే నువ్వు. ఎవరు చేయిస్తే ఏంది నీకు, కట్టేది ఆ అబ్బాయేగా."

పెళ్ళి రోజు ఎండకు చర్చి గోడలు కూడా సెగలు కక్కుతున్నాయి. మాచర్ల ఆయన కాలువల్లో నీళ్ళ కోసం, పరీక్షలు రాసిన పిల్లల కోసం, సర్కారు అధికారుల కోసం ప్రార్థించాడు. మా ఇద్దరి సంగతి గుర్తు రాలేదు. పెదనాన్న ప్రసంగం మధ్యలో ఉండగా బయట జీపు ఆగింది. ఆయన మాట అక్కడే ఆపేసి గుమ్మానికి పరుగెత్తాడు. పెద్దయ్యగారు వస్తూనే తాళి పైకెత్తి ఫొటోగ్రాఫరు వైపు తిరిగాడు. లైటు వెలిగింది. నా మెడలో తాళి పడింది. ఆశీర్వాదం, పాట, ఆమెన్.

ఇప్పుడు అడుగుతారు, ఇప్పుడు అడుగుతారు అని నేను నిలబడే ఉన్నాను. జనం షామియానా కిందికి నడుస్తున్నారు. పెద్దయ్యగారు అడుగుతాడని పెదనాన్న అనుకున్నాడు. తాను రాకముందే అడిగేసి ఉంటారని పెద్దయ్యగారు అనుకున్నాడు. మాచర్ల ఆయన తన వంతు అయిపోయాక ఏమీ అనుకోలేదు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

మొదటి బంతిలో పాస్టర్లు, పెళ్ళికొడుకు, మామగారు, నేను. విస్తళ్ళ నిండా పలావు, వేటకూర. మా అయ్యగారు ప్రార్థనకు లేచి చేతులెత్తాడు. నేనూ లేచాను.

"అయ్యగారూ, నన్నెవరూ అడగలేదు."

"ఏంది తల్లీ?"

"ప్రమాణం. ఆయన్నీ అడగలేదు, నన్నూ అడగలేదు."

అప్పటికే పలావులోకి దిగిన పెద్దయ్యగారి చెయ్యి ఆగిపోయింది. పెదనాన్న మాచర్ల ఆయన వంక చూశాడు, ఆయన నీళ్ళ గ్లాసు వంక చూశాడు. మా మామగారు మాత్రం విస్తరి మీంచి తలెత్తలేదు. "తాళి కట్టినాక ఇంక అడిగేదేంది? ముందు తిననీయండి."

మా అయ్యగారు ముక్కుపొడి డబ్బీ జేబులో పెట్టుకున్నాడు. "ప్రార్థన కాకుండా ఎవురూ ముద్దెత్తరు. ప్రార్థన నా వంతు."

ముందు పెళ్ళికొడుకును అడిగాడు. ఆయన ప్రశ్న పూర్తికాకుండానే కూర వంక చూస్తూ ఒప్పేసుకున్నాడు. తర్వాత నన్నడిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఎన్నాళ్ళుగానో నోట్లో తయారుగా ఉన్న మాట అది. కానీ షామియానా కింద తలలన్నీ నా వైపు తిరిగాయి. నాన్న పలావు బక్కెట్టుతో అలాగే నిలబడిపోయాడు. ముగ్గురు అయ్యగార్లూ నా నోటి వంకే చూస్తున్నారు. పక్కకు తిరిగి పెళ్ళికొడుకును మొదటిసారి తీరిగ్గా చూశాను. ఆయన కూర మీంచి కళ్ళెత్తాడు. ఆ కళ్ళలో భయం కనబడింది. అది నాకు నచ్చింది.

"చెప్పవే" అని అమ్మ వెనకనుంచి పొడిచింది.

"ఆగమ్మా, ఆలోచించుకుంటున్నా" అన్నాను.

మా అయ్యగారొక్కడే నవ్వాడు. పలావు చల్లారేదాకా ఆలోచించాను. ఆ తర్వాతే అంగీకరించుచున్నానని చెప్పాను, షామియానా చివర ఉన్న మేనత్తకు కూడా వినబడేటట్టు.