బదరీ కొండ మీద ఉడకని బియ్యం

తెనాలిలో ఎవరైనా బదరీ యాత్రకు బయలుదేరుతుంటే ముందుగా నా దగ్గరికి వచ్చి నాలుగు మాటలు అడిగి వెళ్ళడం అలవాటయింది. నేను పనిచేసే బట్టల కొట్లో, తానుల మధ్య కూర్చుని చెబుతాను. కొబ్బరినూనె సీసాలో పోసుకోకండి, పైన గడ్డకట్టి బయటికి రాదు, మూతి వెడల్పున్న డబ్బాలో పోసుకోండి. స్వెట్టరు లేదని బెంగపడకండి, రెండు చొక్కాల మధ్య వార్తాపత్రిక మడతపెట్టి తొడుక్కుంటే గాలి దూరదు. ఎత్తెక్కేటప్పుడు మాట్లాడకండి, నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని మెల్లగా నడవండి. నదిలో దిగకండి, గుడి పక్కనే వేడినీటి గుండం ఉంది, స్నానం అక్కడ చెయ్యండి. బయటికి రాగానే ముందు చెవులు కప్పుకోండి, ఒళ్ళు తరవాత తుడుచుకోవచ్చు. ఇవన్నీ తలూపుతూ వింటారు. చివర్న, "బియ్యం పట్టుకెళ్తే కొత్త బియ్యం పట్టుకెళ్ళండి" అంటాను. అక్కడ తలూపడం ఆగిపోతుంది.

మా డెల్టాలో పుట్టినవాడెవడూ కొత్త బియ్యం మంచివని చెప్పడు. అన్నం ముద్దయిపోతుంది, కడుపు ఉబ్బుతుంది, చుట్టాలకు వడ్డిస్తే పరువు పోతుంది. ఏడాదో రెండేళ్ళో మాగిన బియ్యం వండి, మెతుకుకి మెతుకు అంటకుండా విస్తట్లో రాలితేనే అది అన్నం. "కొత్తవా అండి?" అని మళ్ళీ అడుగుతారు. కొత్తవే అంటాను. ఎందుకో మాత్రం చెప్పను. అదిప్పుడు రాస్తున్నాను.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. మిగిలిందంతా తెనాలి గ్రంథాలయంలో చదువుకున్నదే. కొట్టుకు సెలవు దొరికినప్పుడల్లా అక్కడే ఉండేవాణ్ణి. మే నెల ఎండల్లో హిమాలయాల గురించి చదువుతుంటే, గడ్డం మీంచి జారిన చెమటబొట్టు మంచుకొండ బొమ్మ మీద పడి మరక కట్టింది. ఆ పుస్తకం తీసి చూస్తే ఆ మరక ఇప్పటికీ ఉండాలి. గాలికి బరువుంటుందని, ఎత్తుకు వెళ్ళేకొద్దీ ఆ బరువు తగ్గుతుందని, అందుకని అక్కడ నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయని అక్కడే చదివాను. కాలేజీ చదువులవాళ్ళు పరీక్ష రాసి మరిచిపోయే సంగతులు నేను ఏ పరీక్షా లేకుండానే గుర్తు పెట్టుకున్నాను. ఆ గర్వం నాకు ఉండేది. ఇప్పటికీ ఉంది.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నన్ను పెంచింది రేపల్లెలో ఉండే పెదనాన్న, పెద్దమ్మ. వాళ్ళకు పిల్లలు లేరు. పెదనాన్న బియ్యం మిల్లులో గుమస్తా. ఊరి చివర కాస్త మాగాణి ఉండేది. గింజ పంటి కింద పెట్టి కొరికి, ఆ చప్పుడును బట్టి అవి ఏనాటి బియ్యమో చెప్పేవాడు. చివరి రోజుల్లో ఆ పళ్ళన్నీ ఊడిపోయాయి. అప్పుడు పెద్దమ్మ అన్నం మెత్తగా పిసికి, మజ్జిగ కలిపి పెట్టేది. నేను రేపల్లె వెళ్ళినప్పుడు ఆ గిన్నె నేనే పట్టుకుని తినిపించేవాణ్ణి. ఒక్క మెతుకు గట్టిగా తగిలినా చంటిపిల్లాడిలా ఉమ్మేసేవాడు.

ఆయన పోయిన ఏడు చేలో పండిన ధాన్యం కొంత పెద్దమ్మ విడిగా మర ఆడించి, వేపాకు కలిపి కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టింది. ఏళ్ళ తరబడి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ బియ్యం తన చేత్తో వండి, బదరీలో బ్రహ్మకపాలం దగ్గర ఆయనకు పిండం పెట్టించాలని ఆవిడ కోరిక. అక్కడ ఒకసారి పెడితే ఇక ఏటా తద్దినం పెట్టనక్కరలేదని, పోయినవాళ్ళ ఆకలి అంతటితో తీరిపోతుందని పెద్దల నమ్మకం. పెట్టాల్సింది నేను.

"నా తరవాత నువ్వేం పెడతావురా! పుస్తకం పట్టుకుంటే పొయ్యి మీద పాలు పొంగినా చూడవు. నేనుండగానే ఆయన ఆకలి తీర్చేసి రావాలి" అనేది.

డెబ్బైలు మొదలైన కొత్తలో బదరీ దాకా బస్సు వెళ్తోందని తెలిసింది. బాపట్లలో ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు మహాలయ పక్షానికి మనుషుల్ని కూడగడుతుంటే మేమూ చేరాం. మూటలు కట్టేరోజున నేను రేపల్లెలో ఉన్నాను. కుండలోంచి బియ్యం సంచిలోకి పోస్తోంది పెద్దమ్మ.

"పెద్దమ్మా, ఈ బియ్యం అక్కడ ఉడకవు" అన్నాను.

"ఏం, అక్కడ నిప్పు కాలదా?"

"కాలుతుంది. నీళ్ళు మరుగుతాయి కూడా. వేడే చాలదు."

"మరిగే నీళ్ళకి వేడి చాలకపోవడమేంట్రా? ఎండలో పడి లైబ్రరీకి తిరిగి తిరిగి నీకేదో అయింది."

"పోనీ కొత్త బియ్యం కొని పట్టుకెళ్దాం. అవైతే త్వరగా మెత్తబడి..."

మాట పూర్తి కానివ్వలేదు. "మిల్లులో బతుకంతా గడిపిన మనిషికి కొత్త బియ్యం పెడతానా? నలుగురూ ఏమనుకుంటారు? ఆయనేమనుకుంటాడు?" అని సంచి మూతి బిగించింది.

పెద్దమ్మను ఒప్పించే మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

రేపల్లె నుంచి తెనాలి దాకా ప్యాసింజరులో ఆ సంచి ఆవిడ ఒళ్ళోనే ఉంది. బెజవాడలో, ఢిల్లీలో, హరిద్వారంలో రైళ్ళు మారాం. కూలీ చేతికి కూడా ఇవ్వలేదు. ఋషీకేశంలో బస్సెక్కాక దారి కొండను చుట్టుకుంటూ పైకి పోయింది. ఒకటే ఇరుకు దారి కాబట్టి పైకి వెళ్ళే బస్సులు కొంతసేపు, కిందికి దిగేవి కొంతసేపు గేటు దగ్గర ఆపి వదిలేవారు. ఆగినచోటల్లా నేను నలుగురికీ కొండల సంగతి చెబుతుండేవాణ్ణి. జోషీమఠం దగ్గర చలి పట్టుకుంది. చొక్కాల మధ్య కాగితాలు పెట్టుకోమన్నాను. మాస్టారు పెట్టుకున్నారు. కదిలినప్పుడల్లా గరగరమనేది.

"ఏమయ్యా లైబ్రరీ, మా ఆవిడ నన్ను పకోడీ పొట్లం అనుకుంటోందయ్యా!" అని అరిచారు.

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నిజానికి ఆ కాగితాలు పనిచేశాయి. మర్నాడు ఆయనే ఇంకో రెండు అడిగి తీసుకున్నారు.

పెద్దమ్మకు మాత్రం కాగితం పనికిరాదు. మడికి ఉన్ని ఒక్కటే ఒప్పుతుంది. "ఉన్నికి మైల లేదురా" అని నల్ల గొంగళి కప్పుకుని కిటికీ పక్కన కూర్చుంది. లోయలో నది దారంలా కనిపించేది. అవతలి కొండ మీంచి జలపాతం తెల్లటి పంచె ఆరేసినట్టు జారేది. నేను చూపించినవన్నీ చూసేది. "బాగుందిరా" అనేది. చెయ్యి సంచి మీదే ఉండేది.

దారిలో కొండ విరిగిపడి ఒక పగలంతా ఆగిపోయాం. అందువల్ల బదరీలో మాకు ఒక్క ఉదయమే మిగిలింది. మధ్యాహ్నం గేటుకు బస్సు దిగిపోవాలి. చేరేసరికి చీకటి పడింది. సత్రంలో చాపలు మంచుముక్కల్లా ఉన్నాయి. నేను మళ్ళీ మొదలుపెట్టాను.

"ఇప్పుడే బియ్యం నానబోద్దాం పెద్దమ్మా. నానితే కాస్త త్వరగా ఉడుకుతాయి."

"రాత్రి నానిన బియ్యం చద్దిరా. పితృకార్యానికి చద్ది పెడతారా? పొద్దున్నే స్నానం చేసి, కడిగి, ఎసట్లో వెయ్యాలి. పడుకో."

పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామునే గుండంలో స్నానం చేసి, తడిచీర మీద గొంగళి కప్పుకుని, పళ్ళు టకటకలాడుతుండగా కుంపటి ముందు కూర్చుంది పెద్దమ్మ. బొగ్గులు చెమ్మగిల్లి ఉన్నాయి. నేను విసిరాను, ఊదాను. కళ్ళు మండిపోయాయి. చివరికి రాజుకున్నాయి. ఎసరు అనుకున్నదానికన్నా ముందే తెర్లింది. పెద్దమ్మ నా వైపు చూసి, "మరగవన్నావు!" అంది.

"మరుగుతాయనే చెప్పాను."

బియ్యం వేసింది. అప్పుడే ఎండ పడి ఎదుటి మంచుకొండ పసుపు ముద్దలా వెలిగిపోయింది. సత్రం అరుగు మీద అందరూ నిలబడి చేతులు జోడించారు. "చూడవయ్యా లైబ్రరీ, నీ పుస్తకాల్లో ఉందా ఇది?" అని మాస్టారు పిలిచారు. నేను వెళ్ళలేదు. బదరీలో ఆ వెలుగు ఉన్నంతసేపూ నేను బియ్యం వంకే చూశాను.

కుతకుతలాడుతూనే ఉంది. పెద్దమ్మ ఒక మెతుకు తీసి రెండువేళ్ళ మధ్య నలిపింది. లోపల తెల్లటి పలుకు గట్టిగా తగిలింది. ఇంకాసేపు ఉంచింది. మళ్ళీ నలిపింది. మళ్ళీ నీళ్ళు పోసింది. మూత మీద రాయి పెడదామన్నాను. రాయిని నీళ్ళతో కడిగాక ఒప్పుకుంది. మూత ఎగిరెగిరి పడింది. మెతుకు పైన చితికింది, లోపల అలాగే ఉంది.

"ఎంతసేపురా ఇంకా?"

గాలి బరువు సంగతి నాకు తెలుసు. ఆ గిన్నెలో ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో ఆ సత్రంలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ తెలివితో ఒక్క గింజ కూడా మెత్తబడలేదు.

మాస్టారు వచ్చి చూశారు. "అమ్మా, టైమవుతోందండి. అక్కడ గుడిలో గంటలకొద్దీ ఉడికించిన అన్నమే పిండాలకిస్తారు. అందరూ దాంతోనే పెడుతున్నారు. మీరూ..."

"అందరూ పెట్టుకోనివ్వండి బాబూ. ఇది ఆయన పండించింది."

మాస్టారు కుంపటి పక్కన కూర్చుని తానూ కాసేపు విసిరారు.

గిన్నె గుడ్డలో చుట్టి గుండెకు ఆనించుకుని పెద్దమ్మ బ్రహ్మకపాలానికి వచ్చింది. నది ఒడ్డున రాతి అరుగు. ఒకరి భుజం ఒకరికి ఆనుకుని జనం. మా పండా, అంటే అక్కడి తీర్థపురోహితుడు, కాస్త తెలుగు నేర్చినవాడు. మా నాన్నకు, తాతలకు గుడి అన్నంతోనే పిండాలు పెట్టించాడు. చక్కగా ముద్దలయ్యాయి. పెదనాన్న వంతు వచ్చింది. పెద్దమ్మ గిన్నె మూత తీసింది. అన్నం అప్పటికే చల్లారిపోయింది. గింజ గింజ విడిగా, పెళ్ళి విస్తట్లో వడ్డించినంత అందంగా ఉంది.

పండా వేలితో నొక్కి చూశాడు. "కచ్చా ఉంది మాతాజీ. ముద్ద కాదు."

"అవుతుంది. వాడు చేస్తాడు" అంది పెద్దమ్మ.

నువ్వులు, తేనె, నెయ్యి వేశారు. నెయ్యి మైనంలా బిగుసుకుపోయింది. వేళ్ళకు స్పర్శ తెలియడం లేదు. గుప్పిట్లో గట్టిగా నొక్కాను. విప్పగానే విచ్చిపోయింది. మళ్ళీ నొక్కాను. పెదనాన్న గోత్రం, పేరు పండా చదువుతుంటే, దర్భల మీద పెట్టబోయిన ముద్ద నా వేళ్ళ సందుల్లోంచి రాలిపోయింది. చల్లటి రాతి మీద మెతుకులు చిటపటమని పడ్డాయి. అన్నం పడితే అలా చప్పుడు కాకూడదు. ఏరాను. మళ్ళీ పెట్టాను. అది పిండం కాదు, ఒక చిన్న కుప్ప.

"చాలు, చాలు, నీళ్ళు వదలండి. వెనక జనం" అన్నాడు పండా.

వదిలాను. పెద్దమ్మ మొహంలోకి చూడలేకపోయాను. ఆవిడ వంగి, రాతి మీద మిగిలిన నాలుగు మెతుకులు ఏరి ఆ కుప్పలో కలిపింది. నా భుజం మీద చెయ్యి వేసి లేచింది.

"ఏడవకురా. ఆయనకి పలుకుగా ఉంటేనే ఇష్టం. మెత్తనన్నం పెడితే ఎప్పుడు తిన్నాడు!"

పెదనాన్నకు చివరి రోజుల్లో ఆ మెత్తనన్నం తినిపించిన చెయ్యి ఇదే. ఆ సంగతి పెద్దమ్మకూ తెలుసు. అయినా అవునన్నాను. అది తప్ప ఆవిడకు నేనేమీ చెయ్యలేకపోయాను.

దిగేటప్పుడు కిటికీలోంచి మళ్ళీ అవే జలపాతాలు, అవే లోయలు. సంచి ఖాళీ అయింది కాబట్టి పెద్దమ్మ దాన్ని మడిచి తల కింద పెట్టుకుంది. ఇంటికెళ్ళాక అందరికీ బ్రహ్మకపాలం కార్యం దివ్యంగా జరిగిందని చెప్పింది. ఇక తద్దినాలు లేవని కూడా చెప్పింది.

మరుసటి ఏడు పెదనాన్న తిథి దగ్గరపడ్డాక రేపల్లె నుంచి కబురొచ్చింది. ఊరికే ఒకసారి వచ్చి భోంచేసి వెళ్ళమని. వెళ్ళేసరికి పెద్దమ్మ పొయ్యి దగ్గర తడిబట్టలో ఉంది. మంత్రాలు లేవు, బ్రాహ్మలు లేరు. నాకొక్కడికే విస్తరి వేసి వడ్డించింది. అన్నం గరిటె జాడ నిలబడేంత ముద్దగా ఉంది. ఆ ఇంట్లో నేను కొత్త బియ్యం అన్నం తినడం అదే మొదటిసారి.

నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా ఎదురుగా కూర్చుని చూసింది.

"ఉడికిందా?" అని అడిగింది.

"ఉడికింది పెద్దమ్మా."

ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ రోజున రేపల్లె వెళ్ళాను. ప్రతిసారీ అలాగే వండేది, అలాగే అడిగేది.