జాలీ మీద రెక్సిన్

అమీర్‌పేట రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. పంజాగుట్ట వైపు ఒక సందులో, రెండు కార్లు పడితే మూడోది బయటే నిలబడే షెడ్డులో రాజనర్సు కార్లకు గ్యాస్ కిట్లు బిగించేవాడు. సిరిసిల్లలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. పట్నం వచ్చిన కొత్తలో సీటు కవర్ల దుకాణంలో మిషను తొక్కాడు. తర్వాత సనత్‌నగర్‌లో ఒక మేస్త్రీ దగ్గర ఇంజను పని పట్టుకున్నాడు. పని మారినా సూది మాత్రం వదల్లేదు. డిక్కీలో గ్యాస్ ట్యాంకు బోడిగా కనబడితే అతనికి అన్నం సహించదు. కొలతలు తీసి, కింద స్పాంజి వేసి, పైన రెక్సిన్ తొడుగు కుట్టి, బండి కంపెనీ నుంచే అట్లా వచ్చిందనిపించే దాకా ఊరుకునేవాడు కాదు. పదహారేళ్లలో తను బిగించిన బండి ఒక్కటీ తిరిగి రాలేదని అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు.

ఒకనాడు కృష్ణమోహన్ హైబ్రిడ్ కారు తెచ్చాడు. తెనాలి నుంచి వచ్చి అమీర్‌పేటలో జావా పాఠాలు చెప్పుకుంటున్న మాస్టారాయన. సెకండ్ హ్యాండ్‌లో మోజుపడి కొన్న బండి, సగం కరెంటు మీద, సగం పెట్రోలు మీద నడుస్తుంది.

“ఆ పెట్రోలు సగం కూడా గ్యాస్ చేసేద్దామండి. నలుగురిని అడిగాను, కుదరదన్నారు. మీవల్ల అవుతుందా?”

తెలియని బండిలో చెయ్యి పెట్టడం కొరివితో తల గోక్కోవడమేనని ఆ నలుగురికీ తెలుసు. రాజనర్సుకూ తెలుసు. కాని “మీవల్ల అవుతుందా” అన్న మాట అతన్ని కుదురుగా ఉండనివ్వదు.

“ఎందుకు కాదు సార్? మూడు దినాలు ఇడిసిపెట్టుండ్రి.”

మూడు అనుకున్నది తొమ్మిది రోజులైంది. నిలబడిన బండిలో ఇంజను చప్పుడు విని గ్యాస్ పాళ్లు సరిచూడడం అతని అలవాటు. ఈ బండి నిలబడగానే ఇంజను తనంతట తనే ఆగిపోతుంది. ఇక వినడానికి ఏముంది? పైగా ఆగినప్పుడల్లా ఇంజను నీళ్లు చల్లబడి, ఆ నీళ్ల వేడితోనే గ్యాస్‌ను వదిలే డబ్బా మీద మంచు పట్టేది. మైత్రీవనం సిగ్నల్ దగ్గర అటూ ఇటూ యాభైసార్లు తిరిగి, నీళ్లు కాగే దాకా పెట్రోలు మీదే నడిచి ఆ తర్వాతే గ్యాస్‌కు మారేటట్టు కుదిర్చాడు. ఆ రోజు అతనికి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఆ సంతోషంలోనే తొడుగు కుట్టాడు. బూడిదరంగు రెక్సిన్, రెండు వరసల కుట్టు. డిక్కీ ఒక్కటే కొత్తగా ఉంటే బాగుండదని, వెనక సీటు పక్క గోడకు కూడా స్పాంజి వేసి అదే రెక్సిన్ లాగి బిగించాడు. ఆ గోడలో చిన్న జాలీ ఉంది.

“అదేంటండీ?” అని కృష్ణమోహన్ అడిగాడు.

“స్పీకర్ జాలీ సార్. పాట జర మెల్లగొస్తది, గంతే.”

కృష్ణమోహన్‌కు పాటలు వినే తీరిక లేదు. మురిసిపోయి బండి తీసుకెళ్లాడు. ఇన్‌స్టిట్యూట్‌లో కనబడిన ప్రతివాడికీ రాజనర్సు పేరు చెప్పాడు. తనతో పాటు పాఠాలు చెప్పే మంజూషకు కూడా అలాంటి బండే ఉంటే, ఆమెను స్వయంగా వెంటబెట్టుకొచ్చాడు. ఆమె బండికీ అదే కిట్టు, అదే రెక్సిన్.

మే నెల ఎండల్లో కృష్ణమోహన్ బండిలో ఎర్రదీపం వెలిగింది. పెద్ద బ్యాటరీ వయసైపోయి చచ్చిందని, కొత్తది వెయ్యడం కన్నా బండి వదిలించుకోవడమే నయమని సర్వీసు వాళ్లు చెప్పారు. ఆయన దిగులుగా షెడ్డుకు వచ్చాడు.

“కిట్టు విప్పేయండి. సాయంత్రం డీలర్ వస్తాడు, ఎంతిస్తే అంతకిచ్చేస్తాను. మీ తప్పేం లేదండీ, బండికి రోజులు చెల్లాయి.”

రాజనర్సు ట్యాంకు దించి, పక్క గోడ రెక్సిన్ కూడా ఊడదీశాడు. జాలీ వెనక స్పీకర్ లేదు. చెయ్యి పెడితే ఒక గొట్టం, దాని చివర చిన్న ఫ్యాను. ఆ గొట్టం సీటు వెనకున్న బ్యాటరీలోకి పోతోంది. ఫ్యాను నిండా తను వేసిన స్పాంజి పొట్టు. కారు లోపలి చల్లగాలి బ్యాటరీకి అందే దారి అదొక్కటే. దాన్ని రెండు వరసల కుట్టుతో మూసింది తనే.

కృష్ణమోహన్ బయట ఫోనులో డీలర్‌తో బేరమాడుతున్నాడు. పొట్టు దులిపి జేబులో వేసుకుంటే అయిపోయేది. సర్వీసు వాళ్లే తీర్పు చెప్పారు, మాస్టారే తప్పు లేదన్నాడు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఉంటే పేరుకు పేరు దక్కుతుంది. రాజనర్సు భయపడ్డాడు. భయపడుతూనే పిలిచాడు.

“సార్, జర ఇటు రాండ్రి. బండి అమ్మకుండ్రి. బ్యాటరీకి గాలి బంద్ చేసింది నేనే.”

ఫ్యాను చూపించి అంతా చెప్పాడు. ఫ్యాను కడిగి, గొట్టం తుడిచి, బ్యాటరీ చల్లబడ్డాక చెకింగ్ మిషను పెట్టి చూశాడు. సాయంత్రానికి ఎర్రదీపం ఆరింది. దెబ్బ తిన్నది గాని చావలేదు, ఇంకొన్నాళ్లు నడుస్తుంది. డీలర్‌ను రావద్దన్నాడు కృష్ణమోహన్.

చెప్పినందుకు ఒక మంచి మాట వస్తుందని రాజనర్సుకు మనసులో ఏ మూలో ఆశ ఉండింది.

“కిట్టు మళ్లీ వద్దండి,” అన్నాడు కృష్ణమోహన్ తాళాలు తీసుకుంటూ. “ఇన్నాళ్లూ మీ పేరు పదిమందికి చెప్పాను. ఇక చెప్పలేను. ఏమనుకోకండి.”

బండి చప్పుడు లేకుండా సందు మలుపు తిరిగింది. నోరు మూసుకుని ఉంటే ఏం పోయేదని రాజనర్సు తనను తనే తిట్టుకున్నాడు. మాస్టారిని కూడా తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే ఫోను తీసి మంజూష నంబరు వెతికి నొక్కాడు.

“చెప్పండి రాజనర్సు గారూ! బండి భలేగా ఉంది, ఒక్క కంప్లయింటు లేదు. ఏంటి ఫోన్ చేశారు?”

“మంచిగ లేదు మేడం,” అన్నాడు రాజనర్సు. “నేనే ఖరాబు చేసిన. రేపు పొద్దుగాల్నే తీస్కరాండ్రి.”