మ్యూచువల్ మీద తెలుగు క్లాసు

సెమిస్టరు మొదలైన నెలకి మా కాలేజీ ఒక వార్తాపత్రం వేస్తుంది. ఈసారి అందులో కొత్త వాటర్ కూలరు ఫోటో, సైకిల్ స్టాండు మీద వేయించిన రేకుల ఫోటో, వాటి కింద నా క్లాసు ఫోటో వేశారు. "తెలుగు విభాగంలో తరాలను కలిపే వినూత్న విద్యా ప్రయోగం" అని హిందీలో పెద్దక్షరాలతో రాశారు. చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. ప్రయోగమూ లేదు, నా మొహమూ లేదు. అది మా నాన్న చేసిన నిర్వాకం.

కోని అనే పేటకి వెళ్ళే దారిలో ఉంది మా కాలేజీ. అందులో నేను తెలుగు చెప్తాను. గెస్టు లెక్చరర్ని, అంటే ఏటేటా పిలిస్తే వెళ్ళడం, పిలవకపోతే ఇంట్లో కూర్చోవడం. బిలాస్‌పూర్‌లో తెలుగెవరికి కావాలని అడక్కండి, ఒళ్ళు మండుతుంది. రైల్వే పనికొచ్చి మూడు తరాలుగా ఇక్కడే పాతుకుపోయిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు క్వార్టర్లలో వీధికి నలుగురుంటారు. ఇంట్లో మాట తెలుగే. రాత దగ్గరికొచ్చేసరికి అంతా హిందీ.

జూలైలో కాలేజీ తెరవగానే నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించారు. రెండో శుక్రవారం తనిఖీకి వస్తారట. ఐచ్ఛిక భాషల క్లాసుల్లో ఆ రోజు బెంచీల మీద పదిమంది కనబడకపోతే ఆ క్లాసు మూసేస్తారట. క్లాసు మూస్తే నా ఉద్యోగం ఊడినట్టే. పదకొండేళ్ళు గొంతు చించుకున్నందుకు ఇదా మర్యాద అని అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఎవరి మీద అరుస్తాను, నోటీసు బోర్డు మీదా?

కాళ్ళకి చక్రాలు కట్టుకుని క్వార్టర్లన్నీ తిరిగాను. మీ మనవణ్ణి చేర్పించండి మావయ్యా, మీ మనవరాలి పేరు రాయించండి పిన్నీ అని బతిమాలి, టీ మీద టీ తాగి, సరిగ్గా పది పేర్లు పోగేశాను. పదో పేరు మా అన్నయ్య కూతురిది. పేర్లయితే దొరికాయి గానీ మనుషులు దొరకలేదు. మొదటి రోజు ముగ్గురొచ్చారు, మర్నాటికి ఇద్దరయ్యారు. ఒకడికి కోచింగట, ఒకమ్మాయికి అదే టైముకి డాన్సట. మా మేనకోడలైతే "అత్తా, తెలుగు తో ఘర్ మే బోల్‌తే హీ హై నా!" అని ఫోను పెట్టేసింది. ఇంట్లో మాట్లాడుతూనే ఉన్నాం, మళ్ళీ క్లాసెందుకని దాని వాదన.

ఆ సాయంత్రం మంగ్లా పేటలో అమ్మానాన్నల ఇంటికెళ్ళి కూలబడ్డాను. మా నాన్న గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. పన్నెండేళ్ళయినా రోజూ బూట్లు పాలిష్ చేసుకుంటాడు, ఏ బండికో తెలీదు. పాలిష్ చేస్తూనే నా గోడంతా విన్నాడు.

"ఇంతేనేటే అమ్మీ? దీనికి ఏడుపేటి? మ్యూచువల్ పెట్టించీ."

రైల్వేలో మ్యూచువల్ అంటే ఒకరి డ్యూటీ ఇంకొకరు చెయ్యడం. ఒకడికి ఇంట్లో పెళ్ళో కడుపులో నొప్పో వస్తే పక్క క్వార్టరాయన వెళ్తాడు. ఇద్దరూ కాగితం మీద సంతకాలు పెడతారు, సాహెబు సరేనంటాడు. ఎవరు చేస్తారన్నది వాళ్ళ వాళ్ళ సర్దుబాటు, డ్యూటీ మాత్రం ఖాళీ ఉండకూడదు.

"నాన్నా, అది బండి, ఇది చదువు. ఒకరి చదువు ఇంకొకరు చదవరు."

"ఎందుకు సదవరు? పిల్లకి తీరిక లేదంతన్నాది. దాని పేరున నేను కూకుంతాను. సీటు కాళీ ఉండకూడదు, అంతే గదా మీ వోళ్ళ రూలు?"

నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు. అది నేను గమనించి ఉండాల్సింది.

సోమవారం క్లాసుకి వెళ్ళేసరికి బెంచీల మీద పదిమంది! ఇద్దరు మాత్రం నా అసలు విద్యార్థులు. మిగతా ఎనిమిదిమందీ డెబ్బై అటూ ఇటూ ఉన్నవాళ్ళు, ఇస్త్రీ బట్టలు, నీళ్ళ సీసాలు, టిఫిను డబ్బాలతో. ముందు బెంచీలో మా నాన్న, పక్కన రిటైరైన డ్రైవరు మావయ్య, వెనక మా వీధి చివర ఉండే ఫిట్టరుగారి భార్య, నేను పిన్నీ అని పిలిచే ఆవిడ. తలా ఒక అర్జీ ఇచ్చారు. "మా మనవడికి కోచింగు ఉన్నందున అతని క్లాసు డ్యూటీ నేను చేయుటకు అనుమతి ప్రార్థన." హిందీలో ఉంది, కింద తాతవీ మనవడివీ రెండు సంతకాలు. హాజరు పట్టీలో పేరుకెదురుగా సంతకం చేసి, డ్యూటీకి ఎక్కిన టైము కూడా వేశారు.

నేను నోరు తెరిచేలోపు మా నాన్న జేబులోంచి విజిల్ తీసి ఊదాడు.

"కదిలినాది. సెప్పమ్మా."

నెత్తీ నోరూ కొట్టుకున్నాను. దయచేసి వెళ్ళిపొండి, మీకు దణ్ణం పెడతాను అన్నాను. "రిలీవరు రాకండా డ్యూటీ వొదిలి ఎలాగెల్తాం తల్లీ?" అన్నాడు డ్రైవరు మావయ్య. ఆయన మొహంలో ఎగతాళి లేదు, నిజంగానే అడుగుతున్నాడు. పిన్ని అప్పటికే డబ్బా మూత తీసి చేగోడీలు పంచుతోంది. చేసేదేం లేక చాక్‌పీసు తీసుకుని "క" రాశాను.

అలా రోజూ వచ్చారు. పిల్లల కోచింగు ఆగలేదు, వీళ్ళ డ్యూటీ ఆగలేదు. క్లాసయ్యాక ఒక నోటుబుక్కులో చార్జి రాసేవారు. "బెంచీలు తొమ్మిది, సరిగా ఉన్నవి. ఫ్యాను ఒకటి తిరగదు. అక్షరములు ఘ వరకు అయినవి. మిగతావి రేపటి డ్యూటీవారు చూసుకొనవలెను." ఆ పుస్తకం సాయంత్రం పిల్లలకి చూపించి చార్జి అప్పగించడానికి ప్రయత్నించేవారట. పిల్లలు ఫోనులోంచి తలెత్తితేగా!

చార్జి కూడా హిందీలోనే రాశారు. అప్పుడర్థమైంది నాకు, వీళ్ళు కూడా ఇక్కడే పుట్టి ఇక్కడి బడిలో హిందీలో చదివినవాళ్ళేనని. ఎనిమిదిమందిలో ఏడుగురికి తెలుగు రాత రాదని లెక్కేసుకున్నాను. మా నాన్న సంగతి వేరని నా నమ్మకం. చిన్నప్పుడు ఊరి నుంచి ఉత్తరం వస్తే "కళ్ళజోడెక్కడ పెట్టినానో, నువ్వు సదివీ" అనేవాడు, నేను గడగడా చదివేదాన్ని. క్లాసులోనూ కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉండేవాడు. ఆయన్ని లేపి చదవమని ఎప్పుడూ అడగలేదు, కన్నతండ్రిని ఎలా అడుగుతాం?

రెండో శుక్రవారం వచ్చింది. నా బుద్ధి గడ్డి తిని, చూసేవాళ్ళకి బాగుంటుందని బోర్డు మీద అక్షరాలన్నీ చెరిపేసి రెండు వాక్యాలు రాశాను. "బండి ఆగింది. జనం దిగారు." వైస్ ప్రిన్సిపాల్ మేడమ్ ఫైలు పట్టుకుని వచ్చింది, వెనక ప్యూను. ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. వేలితో తలలు లెక్కపెట్టింది. పది. ఆ తర్వాత తలల కింద మొహాలు చూసింది.

"వీళ్ళెవరు?" అంది హిందీలో.

మా నాన్న లేచి సెల్యూట్ కొట్టి ఎనిమిది అర్జీలూ అందించాడు. ఆవిడ ఒక్కొక్కటీ చదివింది. కళ్ళు మూసుకుని తెరిచింది. "పదిమంది కనబడాలనే రాశాం, ఎవరని రాయలేదు. అచ్ఛా, మా తప్పే" అంది. హమ్మయ్య అనుకునేలోపు, "కానీ ఇక్కడ చదువు జరుగుతోందని నాకెలా తెలియాలి? మీరే, బోర్డు మీదున్నది చదవండి. రాకపోతే క్లాసు ఇవాళే మూసేస్తాను" అంది మా నాన్నతో.

నాకేం భయం లేదు. అదృష్టం, చదవడం వచ్చినాయన్నే అడిగింది అనుకున్నాను. నాన్న బోర్డు దగ్గరికి నడిచాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు. "బ" కింద వేలు పెట్టి, నిదానంగా, పాఠం చదివే గొంతుతో మొదలెట్టాడు.

"అమ్మీ, నాకిది సదవడం రాదు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన వేలు "డి" దగ్గరికి జరిగింది.

"నువ్వు పుట్టినావని మీ అమ్మ కార్డు రాస్తే, ఇంజను మీద బొగ్గేసీ ఫైర్‌మన్ సేత సదివించుకున్నాను. కళ్ళజోడు పోయిందని సెప్పినాను. అప్పుటికి నాకు కళ్ళజోడే లేదు. ఈ క్లాసుకి నీ ఉద్యోగం కోసవే వొచ్చినానని అందరికీ సెప్పినాను. అది సగవే. నేర్సుకోవాలనుంది, కూతుర్ని అడగడానికి సిగ్గేసి మ్యూచువలన్నాను. క్లాసు ముయ్యనీకు తల్లీ. నేనింకా ఙ కాడే ఉన్నాను. ఈ మాట మీ అమ్మకి సెప్పకు."

వేలు చివరి చుక్క దగ్గర ఆగింది. పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నా ఇద్దరు విద్యార్థులూ ఫోన్లు బెంచీ మీద బోర్లించారు.

మేడమ్ బోర్డుకేసి అనుమానంగా చూసింది. "ఉన్నది నాలుగు మాటలే కదా, ఇంతసేపు చదివారేం?"

"తెలుగంతే మేడమ్" అన్నాను. "రాస్తే కొంచెమే ఉంటుంది, చదివితే చాలా అవుతుంది."

"సరిగ్గా చదివారా?"

"జీ మేడమ్. ఒక్క తప్పు లేదు."

కొంగుతో ముక్కు తుడుచుకున్నాను. జలుబనుకుందేమో, ఆవిడ కాస్త వెనక్కి జరిగి ఫైల్లో సంతకం పెట్టింది. క్లాసు నిలిచింది. ప్యూను ఫోటో తీశాడు. వార్తాపత్రంలో పడింది అదే.

అమ్మకి నేను చెప్పలేదు. నా స్కూటీ మంగ్లా చేరేలోపే పిన్ని ఆటోలో వెళ్ళి చెప్పేసింది. నేను వెళ్ళేసరికి అమ్మ దొండకాయలు తరుగుతోంది, మొహంలో ఆశ్చర్యమే లేదు.

"నీకు తెలుసా అమ్మా?"

"తెలీకేటే? పెల్లైన కొత్తలోనే తెలిసిపోనాది. నేను ఊర్నుంచి ఉత్తరం రాస్తే జవాబు ఆ ఫైర్‌మన్ మాటల్లో వొచ్చీది."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదు?"

"అడిగితే సిన్నబోతాడు. అందుకే పిల్లకి దగ్గు తగ్గింది, దూడకి జబ్బు సేసింది, అంతే రాసీదాన్ని. ఎవడో పైవోడు సదివీ ఉత్తరంలో మొగుడికి ఇంకేటి రాస్తాను?"

ఆవిడ కత్తిపీట పక్కకి జరిపి వీధి గుమ్మంకేసి చూసింది. నాన్న ఇంకా రాలేదు. చార్జి రాసి, సంతకం పెట్టి మరీ బయల్దేరతాడు.

"గుణింతాలు ఎప్పటికైపోతాయే?" అనడిగింది.

"డిసెంబరుకి అవుతాయేమో."

"బేగీ సెప్పియ్యి. నేను రాయాల్సినవి మిగిలిపోనాయి."