మావోడు బంతి తన్నడం మానేసినప్పుడు

మావోడు ఆట మానేస్తున్నాడన్న మాట మాకు టీ కొట్టు దగ్గర తెలిసింది. తెలిసిన కాసేపటికే వాడు నగరి జట్టుకు అమ్ముడుపోయాడని కూడా తేల్చేశాం. ముందుగా ఎవరన్నారో అడిగితే చెప్పలేను. చేతిలో టీ చల్లారకముందే అందరం కలిసి తేల్చాం.

తొంభైల చివరి సంగతి. నేను చిత్తూరులో డిగ్రీ చదువుతున్నానని మా నాయన నమ్ముతున్న రోజులు. ఊరంతా క్రికెట్టు పిచ్చిలో ఉంటే మా పేట ఒక్కటే ఫుట్‌బాలంటే పడి చచ్చేది. ఆ పిచ్చి ఎక్కించింది వాడే. ఐరాల దగ్గర చెరుకు రైతు కొడుకు. మనిషి పొట్టి, ఎడమకాలి వాటం. వాడి అసలు పేరు ఎవరికీ పట్టదు, అందరికీ 'మావోడే'. బంతితో ఇబ్బంది వస్తే మా ఆటగాళ్ళు కళ్ళు మూసుకుని మావోడికి తన్నేసేవాళ్ళు, తర్వాత సంగతి వాడే చూసుకునేవాడు. ఆరేళ్ళపాటు మా జట్టుకు తెలిసిన విద్య అదొక్కటే.

అలాంటివాడు ఎండాకాలం కప్పు దగ్గరపడ్డాక మైదానానికి వచ్చి, "సాలప్పా, ఇంగ నేను ఆడను. మోకాలు బాగలేదు" అని బూట్లు జట్టు సంచిలో పడేసి వెళ్ళిపోయాడు.

మోకాలట! అంతకుముందు రోజే వాడు బెల్లం మండీలో ట్రాక్టరు మీంచి దిమ్మలు దించుతుంటే నేను కళ్ళారా చూశాను. ఆ మాటే టీ కొట్టులో చెప్పాను. టీ కొట్టాయన్ని పేటంతా మామ అనే పిలిచేది. ఆయన జన్మలో బంతిని తన్ని ఎరగడు గానీ, జట్టు తన సొంతమన్నట్టు మాట్లాడేవాడు.

"మోకాలు నొప్పోడు బెల్లం దిమ్మలు మోస్తాడంట్రా? మొన్న వాడు నగరి బస్సులోంచి దిగినాడు. నేను సూసినా. వాళ్ళకేమప్పా, మగ్గాలుండాయి. మగ్గాల కాడ ఉద్యోగం ఇస్తామనుంటారు."

నగరి బస్సు! ఇంకేం కావాలి? రెండేళ్ళుగా కప్పు ఎత్తుకుపోతున్నది ఆ నగరి వాళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరోజు నుంచి వాడేం చేసినా అనుమానమే. కాళ్ళకు కొత్త చెప్పులు కనిపిస్తే నగరి చెప్పులన్నాం. ఎస్టీడీ బూత్‌లో తలుపేసుకుని మాట్లాడితే చూశారా అన్నాం. పలకరిస్తే కప్పిపుచ్చుకుంటున్నాడు, పలకరించకపోతే తప్పు చేశాడు. ఇంక వాడు ఎలా నడిస్తే మాకు నచ్చుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఒకరోజు వాడే టీకి వచ్చాడు. మామ గ్లాసు చేతికివ్వకుండా పట్టుకునే అడిగాడు.

"నగరికి ఎందుకు పోయినావురా?"

"నగరికి పోలేదు మామా. నగరి బస్సు పుత్తూరులో ఎక్కినా. కట్టు కట్టించుకోను పోయినా."

పుత్తూరు కట్టంటే మా వైపు ఎముకలకీ కీళ్ళకీ తిరుగులేని వైద్యం. మాట నమ్మదగ్గదే. కానీ మామ నమ్మే స్థితిలో లేడు, మేమూ లేము.

"యాడుండాది కట్టు? సూపీ."

వాడు తన ప్యాంటు వంక ఒకసారి చూసుకున్నాడు. ముఖం మాడిపోయింది. "ఆరేండ్లు మీకోసం ఆడినా మామా. ఇప్పుడు ఈదిలో నిలబడి ప్యాంటు మడిచి సూపించాల్నా?"

చూపించలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది చూడరా అని నా చెవిలో ఎవడో అన్నాడు. నేను తలాడించాను.

"అట్టయితే కాణిపాకంలో ప్రమాణం జెయ్యి," అన్నాడు మామ.

మా జిల్లాలో ఆ మాట తర్వాత ఇంక మాట ఉండదు. గట్టు తగాదా అయినా, అన్నదమ్ముల తగాదా అయినా అక్కడికి పోవాల్సిందే. స్నానం చేసి తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి అబద్ధమాడినవాణ్ణి ఆయన వదలడు. అయితే ఫుట్‌బాల్ గురించి మనిషిని అక్కడికి లాక్కుపోయింది మాత్రం బహుశా మేమే. వెర్రి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు!

వాడు కాదనలేదు. "సరే పదండి" అన్నాడు. ఆ తొందర కూడా మాకు అనుమానమే అనిపించింది.

ఆదివారం పొద్దున్నే పోయాం. వాడు మునిగి లేచి పంచెతో వచ్చి నిలబడ్డాడు. 'నగరి జట్టుకు ఆడను' అనమని మామ దారి పొడుగునా నేర్పిస్తూనే ఉన్నాడు. వాడు మామ వైపు చూడలేదు.

"నగరికే గాదు, ఏ జట్టుకైనా సరే, ఇంగ ఈ జన్మలో బంతిని కాలితో తాకను సామీ."

"అంత వద్దురా!" అన్నాడు మామ. అప్పటికే వాడు కర్పూరం కళ్ళకద్దుకున్నాడు.

తడి పంచె కాలికి అతుక్కుపోయింది. ఎడమ మోకాలి చుట్టూ కట్టు ఎత్తుగా కనిపించింది. నీళ్ళు తగలకూడని కట్టు అది. నేను చూశాను. మామ కూడా చూశాడు. మరి నోరు మూసుకున్నాడా? తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని, "కట్టుదేముందిరా, ఎవుడైనా కట్టుకోవచ్చు" అని గొణిగాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా?

ఆ ఏడాది కప్పులో నగరి జట్టు దిగుతుంటే మేం ఒక్కొక్కడి ముఖం తేరిపార చూశాం. వాడు లేడు. మేం చిత్తుగా ఓడిపోయాం. వాడు ఐరాలలో చెరుకు గానుగ చూసుకుంటున్నాడని, మోకాలు బాగుపడిందని తర్వాత తెలిసింది.

మరుసటి ఏడు కప్పు ముందు మా గోల్‌కీపరు బెంగుళూరులో పని దొరికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మామ టీ గిన్నె దించేసి ఒక్క కేక పెట్టాడు.

"ఒరే, వాడు ప్రమాణం జేసింది కాలికి గదా! చేతికి లేదు గదా!"

మర్నాడే నేనూ మామా ఐరాల పోయాం. మామ చెప్పిందంతా విని వాడు చాలాసేపు బెల్లం పాకం కలుపుతూనే ఉన్నాడు. తర్వాత, "బంతి కొత్తదేనా?" అని అడిగాడు. ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది, వాడికి ఆట మీద ప్రాణం ఎంత కొట్టుకుంటోందో.

అబ్బో, ఎట్లా ఆడాడని! ఎగిరి పట్టాడు, పడి పట్టాడు, బంతిని చేత్తో సగం మైదానం దాకా విసిరాడు. గోల్ ముందునుంచి తన్నాల్సినప్పుడు ఇంకొకడు తన్నేవాడు. పేటంతా మళ్ళీ 'మావోడు, మావోడు' అని గొంతులు చించుకుంది. ఫైనలుకొచ్చాం. ఎదురుగా నగరి.

ఆట అయిపోవస్తున్నా ఎవరికీ గోలు లేదు. మా వెనక వరస ఆటగాడి మీదికి నగరి పిల్లలిద్దరు ఉరికారు. వాడికి ఊపిరాడలేదు. పాత అలవాటు! కళ్ళు మూసుకుని బంతిని వెనక్కి మావోడికి తన్నేశాడు.

సొంత జట్టువాడు కాలితో వెనక్కిచ్చిన బంతిని గోల్‌కీపరు చేత్తో పట్టకూడదు. అది ఆట రూలు. చేత్తో పడితే రూలు ఒప్పుకోదు, కాలితో తంతే స్వామి ఒప్పుకోడు. బంతి నింపాదిగా దొర్లుకుంటూ వస్తోంది. చిన్నపిల్లాడైనా తన్నేసే బంతి. మావోడి ఎడమకాలు లేచింది. నేను చూశాను. లేచిన కాలిని వాడు మళ్ళీ నేల మీద పెట్టేసుకుని, రొమ్ము అడ్డం పెట్టి బంతి మీదికి పడ్డాడు. అప్పటికే నగరి కుర్రాడొచ్చి దాన్ని పక్కకు నెట్టేశాడు. గోలు.

నా వెనక ఎవడో అరిచాడు. "అమ్ముడుపోయినాడు! నేను సెప్పలా!"

"నోరు ముయ్‌రా!" అని మామ వెనక్కి తిరిగాడు. మామ కళ్ళు నిండి ఉన్నాయి.

ఈల మోగింది, ఆట అయిపోయింది. నగరి వాళ్ళు కప్పు ఎత్తుకుని ఎగురుతున్నారు. మావోడు వాళ్ళ వైపు చూడలేదు. రొమ్ము నిండా ఎర్రమట్టితో మా దగ్గరికే నడిచొచ్చి మామ ముందు ఆగాడు.

"ఇప్పుడన్నా నమ్మినారా మామా?"