పేగు ఖాళీగా ఉండాలన్నారు

పేగు ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి నా పొట్టకు ఒక బ్యాగ్ వేలాడింది. చిన్నపేగు చివరను పొట్ట మీదికి తెచ్చి దానికి తగిలించారు. తిన్నదంతా అందులోకే. బంగారుపేటలో నేను పనిచేసే ఎలక్ట్రికల్ అంగట్లో గిరాకీల ముందు అది గుడగుడమంటే నాకు చావాలనిపించేది. అందుకే తిండి తగ్గించేశాను. కొన్ని రోజులు అసలు ముట్టేవాణ్ణే కాదు. అంగట్లో అడిగితే ఇంట్లో తిన్నానని, ఇంట్లో అడిగితే అంగట్లో తిన్నానని చెప్పేవాణ్ణి.

బరువు ఇంకా తగ్గితే పేగు తిరిగి కలపడం కుదరదని డాక్టర్ ముందే హెచ్చరించాడు. అది నా భార్యకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ముద్ద గొంతు దిగకపోతే ఏం చెయ్యమంటారు?

ఆ డాక్టరే బెంగళూరు ఆస్పత్రిలో ఒక పరిశోధనకు నన్ను పిలిచాడు. పేగు లోపలి పొరలో కొన్ని కణాలు, అన్నం వచ్చిందని ఒంటికి తెలిపే హార్మోన్లను తయారుచేస్తాయట. ఎలా చెయ్యాలో జన్యువుల్లో రాసి ఉంటుందట. ఆ రాతను కణాలు తినకముందు ఎంత చదువుతాయి, తిన్నాక ఎంత చదువుతాయి, అదీ వాళ్లకు కావలసింది. నా పేగు ఎలాగూ బయటికే ఉంది కాబట్టి అక్కడినుంచే గింజంత ముక్క తీస్తారు. భోజనం పెట్టి, మళ్లీ ఇంకొకటి. పేగు ఖాళీగా ఉండాలని, ముందు రాత్రి తొమ్మిది తర్వాత ఏమీ తినకూడదన్నారు.

ఆ పొద్దున కోలారు బంగారు గనుల దగ్గర కోరమండల్‌లోని ఇంటినుంచి నా భార్యా నేనూ బయల్దేరి మొదటి రైలుకు వెళ్లాం. ఆస్పత్రిలో నర్సు కాగితం పట్టుకొని వచ్చింది. మా కోలారు వైపు మనిషే.

"కడాగా ఎప్పుడు తిన్నారప్పా? ఆఖరి ముద్ద ఎప్పుడు?"

పేగు ఎంత ఖాళీగా ఉంటే అంత మేలనుకున్నాను, వెధవను. గొప్పగా చెప్పాను. "మొన్న మధ్యాహ్నం."

నా భార్య చటుక్కున తిరిగింది. "నిన్న క్యారియర్ కట్టిస్తిని కదా. అది యాడ పోయింది?"

డాక్టర్ విన్నాడు. నన్ను బరువు మిషన్ ఎక్కించి, అంకె చూసి, ఫైలు మూసేశాడు.

"ఒక రాత్రి పస్తు వేరు, ఇన్నాళ్ల పస్తు వేరు. మీ ముక్క ఇవాళ మాకు పనికిరాదు. వచ్చే నెల పేగు కలిపే ఆపరేషన్ కూడా చెయ్యలేను. ముందు తినండి."

అంటే ఈ బ్యాగ్ ఇంకా ఎన్నాళ్లో.

క్యాంటీన్లో ఆమె ఇడ్లీ ప్లేటు నా ముందుకు తోసింది. "దినామూ కూడు యాడ పారేస్తా ఉన్నారు?"

"స్టేషన్ కాడ. కుక్కలకు."

"పేగుకు పొట్టు తగలకూడదని నాలుగు నెల్లుగా రాగిపిండి గుడ్డలో జల్లిస్తా ఉండాను. కుక్కలకని చెప్పింటే జల్లించకనే చేసిందును కదా."

గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నాను. మింగానని చెప్పాను.

ఆమె నమ్మలేదు. నోరు తెరిచి చూపమంది. అంతమందిలో చూపాను.